సంధి చేసిన నేతకు శాంతి పురస్కారము తగునా?



2025 సంవత్సరమున అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ తాను అనేక యుద్ధములను ఆపితిననియు, నోబెల్ శాంతి పురస్కారమునకు తాను అర్హుడననియు బహిరంగముగా పలుమార్లు పలికెను. పాకిస్తాన్ ప్రభుత్వము ఆయన పేరును ప్రతిపాదించుచున్నట్లు ప్రకటించెను. అక్టోబరు 10వ తేదీన నార్వే దేశపు నోబెల్ సమితి ఆ పురస్కారమును వెనిజులా ప్రతిపక్ష నాయకురాలు మరియా కొరినా మచాడోకు ప్రకటించినది. అది మొదలు జిజ్ఞాసువులు పలువురు ఒకే ప్రశ్న అడుగుచున్నారు: రాజ్యము చేయువానికి, సేనలను నడుపువానికి, శాంతి పేరిట సన్మానము తగునా?

సన్మానమును విషమువలె చూచి తొలగవలెనని మనువు బ్రాహ్మణునకు విధించెను గాని, రాజునకు ఆ నియమము చెప్పలేదు. కీర్తి రాజునకు ఒక బలము. కావున పురస్కారమును కోరుట ఒక్కటే దోషముగా నెంచి ఈ విచారణను ముగింపరాదు. కోరినవాడు ఏమి చేసెను, కోరనివాడు ఏమి చేసెను అని చూడవలెను. అందులకు గడచిన నూట ఇరువదియేండ్ల చరిత్రయే మనకు ప్రమాణము.

మొదట రెండు పదముల భేదము తెలిసికొనుట మేలు. శాంతి అను పదము ఉపశమనార్థకమైన "శమ" ధాతువునుండి పుట్టినది. లోపల రగులుచున్నది చల్లారుట శాంతి. సంధి యన్నచో రెండు వేరు వస్తువులను కలిపి ఉంచుట. కౌటిల్యుడు షాడ్గుణ్యమునందు సంధిని మొదటిదిగా చెప్పెను. నియమములతో కూడిన ఒడంబడికయే సంధి యని నిర్వచించి, శత్రువుకంటె తాను బలహీనుడైనప్పుడు దానిని ఆశ్రయింపుమని రాజునకు బోధించెను. అనగా సంధి ఒక ఉపాయము. బలము చేకూరిన పిదప అదే రాజు విగ్రహమునకు, అనగా యుద్ధమునకు, దిగవచ్చును. సంధి జరిగిన దినమున శాంతి పుట్టినదని తలచుట అగ్గిపై బూడిద కప్పి చల్లారినదనుటయే. నోబెల్ పురస్కార చరిత్రలోని వివాదములలో అధికభాగము ఈ రెండు పదములను ఒకటిగా భావించుటవలన కలిగినవే.

ఆల్‌ఫ్రెడ్ నోబెల్ స్వీడన్ దేశీయుడు. 1867లో డైనమైటుపై పేటెంటు పొంది, ప్రేలుడు పదార్థముల వ్యాపారమున అపార ధనమార్జించినవాడు. 1895 నవంబరు 27న ప్యారిస్ నగరమున తన వీలునామాపై సంతకము చేసెను. మరుసటి సంవత్సరము డిసెంబరు 10న మరణించెను. శాంతి బహుమానమునకు ఆయన ఉద్దేశించినవి మూడు పనులు: దేశముల నడుమ సౌభ్రాత్రమును పెంచుట, నిత్యసేనలను రద్దుచేయుట లేక తగ్గించుట, శాంతి మహాసభలను నిర్వహించుట. తక్కిన బహుమానములు స్వీడన్ సంస్థలకు అప్పగించి, దీనిని మాత్రము నార్వే పార్లమెంటు ఎన్నుకొను ఐదుగురు సభ్యుల సమితికి అప్పగించెను. కారణము వీలునామాలో చెప్పలేదు.

1901లో తొలి పురస్కారము రెడ్‌క్రాసు సంస్థకు మూలపురుషుడైన హెన్రీ డ్యునాంటునకును, ఫ్రాన్సు దేశపు శాంతివాది ఫ్రెడెరిక్ పాసీకిని లభించినది. 1905లో నోబెలునకు మిత్రురాలు, ఆయుధములను విడువుడని నవల వ్రాసిన బెర్తా ఫాన్ సుట్‌నర్ దానిని పొందెను. తొలి ఐదేండ్లలో దేశాధినేత ఒక్కడును లేడు.

ఆరవయేట దారి మారెను. 1906లో అమెరికా అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్టునకు పురస్కారమిచ్చిరి. రష్యా, జపాన్ దేశముల నడుమ 1904లో మొదలైన ఘోరయుద్ధమును ఆయన మధ్యవర్తియై 1905 సెప్టెంబరు 5న పోర్ట్స్‌మత్ సంధితో ముగింపజేసిన మాట నిజము. వేలకొలది సైనికుల ప్రాణములు దానివలన నిలిచినవనుటయు నిజమే. దానిని తక్కువ చేయరాదు. అయితే అదే 1906 మార్చిలో ఫిలిప్పీన్స్‌లోని బుద్ దాజో పర్వతముపై అమెరికా సేనలు మోరో జాతీయులను స్త్రీలు, శిశువులతో సహా వందలకొలది వధించినవి. ఆ సేనాధిపతికి రూజ్‌వెల్ట్ అభినందనలు పంపెను. ఆ సంవత్సరాంతమున శాంతి పురస్కారము వచ్చెను. అంతకు ముందటి సంవత్సరమే స్వీడన్ నుండి విడివడిన నార్వే, ఒక మహారాజ్యపు మైత్రిని కోరి ఇట్లు చేసినదని ఆనాడే విమర్శ వచ్చినది.

నేను మరొక విషయమును ఎక్కువగా ఆలోచించితిని. ఆ సంధిపత్రములో కొరియాపై జపానుకు గల రాజకీయ, సైనిక, ఆర్థిక ప్రయోజనములు సర్వోన్నతములని రష్యా అంగీకరించినది. కొరియాను ఎవరును అడుగలేదు. అదే 1905 నవంబరులో కొరియా జపాను రక్షణలోనికి, అనగా అధికారములోనికి, పోయెను. 1910లో పూర్తిగా విలీనమయ్యెను. ఈ మధ్య 1907లో హేగ్ నగరమున రెండవ అంతర్జాతీయ శాంతి మహాసభ జరిగినది. కొరియా చక్రవర్తి రహస్యముగా ముగ్గురు దూతలను పంపెను. వారిని సభలోనికి రానీయలేదు. శాంతి మహాసభలను ప్రోత్సహింపుమని వీలునామా వ్రాసినవాని పేరిట బహుమానము వెలసి అప్పటికి ఆరేండ్లు మాత్రమే!

ఇద్దరు బలవంతులు సమాధానపడుటకు మూడవవాని ఇల్లు మూల్యముగా చెల్లింపబడిన ఈ విధానమే 1938లో మ్యూనిక్‌లో మరల కానవచ్చినది. హిట్లర్, ముస్సోలినీ, బ్రిటిష్ ప్రధాని నెవిల్ చాంబర్లేన్, ఫ్రెంచి ప్రధాని దలాదియే కూర్చుండి చెకొస్లొవాకియా సరిహద్దు భూభాగమును జర్మనీకి ధారపోసిరి. ఆ దేశ ప్రతినిధులకు ఆ గదిలో ఆసనము లేదు. చాంబర్లేన్ స్వదేశమునకు తిరిగివచ్చి శాంతిని తెచ్చితినని చెప్పగా జనులు హర్షధ్వానములు చేసిరి. 1939 జనవరిలో స్వీడన్ పార్లమెంటు సభ్యులు పండ్రెండుగురు ఆయన పేరును శాంతి పురస్కారమునకు ప్రతిపాదించిరి. దీనికి రోసి, ఎరిక్ బ్రాంట్ అను మరొక సభ్యుడు వ్యంగ్యముగా హిట్లర్ పేరునే ప్రతిపాదించెను! వ్యంగ్యము లోకమునకు బోధపడక గగ్గోలు పుట్టగా కొద్ది దినములలో ఉపసంహరించుకొనెను. మార్చిలో జర్మన్ సేనలు ప్రాగ్ నగరమును ఆక్రమించినవి. సెప్టెంబరు 1న ప్రపంచయుద్ధము మొదలైనది. ఆ సంవత్సరము పురస్కారము ఎవరికిని ఇయ్యలేదు.

ఇచట ఒక చిన్న మాట. ఫలానా నాయకుని పేరు నోబెలునకు ప్రతిపాదింపబడినదని వార్త వచ్చినంతనే మనవారు పొంగిపోవుదురు, లేదా కోపింతురు. ఏ దేశ పార్లమెంటు సభ్యుడైనను, మంత్రియైనను, కొన్ని శాస్త్రములలో విశ్వవిద్యాలయ ఆచార్యుడైనను ప్రతిపాదింపవచ్చును. స్టాలిన్ పేరు సైతము 1945లోను 1948లోను వచ్చినది. ప్రతిపాదన ఒక ఉత్తరము మాత్రమే.

ఇక 1973. శాంతి పురస్కార చరిత్రలో ఇంతకంటె తీవ్రముగా చర్చింపబడిన సంవత్సరము లేదు. వియత్నాం యుద్ధవిరమణ ఒప్పందము 1973 జనవరి 27న ప్యారిస్‌లో కుదిరెను. అమెరికా పక్షమున హెన్రీ కిసింజర్, ఉత్తర వియత్నాం పక్షమున లె డుక్ థో దీర్ఘకాలము చర్చలు జరిపిరి. సంతకములైన రెండు దినములకే నోబెల్ సమితి సభ్యుడొకడు వీరిద్దరి పేర్లను ప్రతిపాదించెను. ఏబది సంవత్సరముల గోప్యనియమము తీరి 2023లో ఆ పత్రములు వెలువడగా, ఒప్పందము నిలుచుట కష్టమని సమితికి అప్పటికే తెలియునని లోకమునకు తెలిసినది.

ఒప్పందమునకు ముందు నెలలో, 1972 డిసెంబరు 18 నుండి 29 వరకు, అమెరికా విమానములు హనోయ్, హైఫాంగ్ నగరములపై ఘోరముగా బాంబులు కురిపించినవి. 1969 మార్చినుండి పొరుగుదేశమైన కంబోడియాపై, మొదట అమెరికా ప్రజలకే తెలియకుండ రహస్యముగా, బాంబుదాడులు సాగినవి. 1973 ఆగస్టు 15న గాని ఆగలేదు. రెండు నెలలకు, అక్టోబరు 16న, పురస్కారము ప్రకటింపబడినది. భారతీయులకు కిసింజర్ మరొక రీతిగా జ్ఞాపకము. 1971లో తూర్పు బెంగాలు రక్తసిక్తమైయుండగా, ఆయన పాకిస్తాన్ మీదుగా రహస్యముగా చైనాకు వెళ్లి ఆ మైత్రికొరకు ఆ రక్తపాతమును చూచియు చూడనట్లుండెను. ఆ డిసెంబరులోనే అమెరికా యుద్ధనౌకలు బంగాళాఖాతమునకు వచ్చినవి.

పురస్కార ప్రకటన అనంతరము నోబెల్ సమితి సభ్యులిద్దరు రాజీనామా చేసిరి. లె డుక్ థో పురస్కారమును తిరస్కరించెను. దక్షిణ వియత్నాంలో నిజమైన శాంతి ఇంకను నెలకొనలేదని ఆయన చెప్పిన కారణము. శాంతి పురస్కారమును స్వేచ్ఛగా నిరాకరించినవాడు చరిత్రలో ఆయన యొక్కడే. ఈ మాట చదివి కొందరు ఆయనను స్థితప్రజ్ఞుడని కొనియాడెదరు. తొందరపడరాదు. 1975లో సైగాన్‌పై జరిగిన అంతిమ దండయాత్రను పార్టీ పక్షమున దక్షిణమునకు వెళ్లి పర్యవేక్షించినవారిలో ఆయనయు ఉండెను. శాంతి లేదని ఆయన చెప్పినది సత్యము. లేకపోవుటలో ఆయన పాత్రయు కలదు. కిసింజర్ ఓస్లో నగరమునకు పోలేదు. అమెరికా రాయబారి పుచ్చుకొనెను. 1975 ఏప్రిల్ 30న సైగాన్ పతనమైన పిదప పతకమును తిరిగి ఇచ్చెదనని కిసింజర్ వ్రాయగా, సమితి అంగీకరింపలేదు. ఒకసారి ఇచ్చిన పురస్కారమును తిరిగి తీసుకొను నియమము దానికి లేదు.

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన ఒక విషయము విన్నవింతును. హోమములో ప్రతి ఆహుతికిని యజమాని "న మమ" అని పలుకును. ఈ హవిస్సు ఇక నాది కాదు అని అర్థము. మీమాంసకులు యాగమునకు ద్రవ్యము, దేవత, త్యాగము అను మూడు అంగములు చెప్పి, మూడవదానియందే యాగత్వమున్నదనిరి. నెయ్యి అగ్నిలో పడుట హోమమగును గాని, తనదైన దానిని విడుచుట లేనిదే యాగము కాదు. దానమునకును ఇదే సూత్రము. తన స్వత్వమును తొలగించుకొని ఇతరునకు స్వత్వము కలిగించుట దానము. తనది కాని గోవును దానము చేసినవానికి పుణ్యము లేకపోగా దోషము సంక్రమించును. నృగమహారాజు కథ అందరెరిగినదే. తెలియక ఒక్క పరగోవును ఇచ్చి ఊసరవెల్లియై బావిలో పడియుండెను.

రాజకీయ నాయకుని శాంతికృత్యమును కొలుచుటకు ఇంతకంటె సరియైన కొలబద్ద నాకు కనబడలేదు. సంధి చేయునప్పుడు అతడు విడిచినది ఎవరిది? చాంబర్లేన్ విడిచినది చెకొస్లొవాకియా వారి నేల. పోర్ట్స్‌మత్‌లో విడువబడినది కొరియా వారి స్వాతంత్ర్యము. పొరుగువాని నేతితో హోమము చేసి "న మమ" అనినచో అది అక్షరాల సత్యమే గాని, త్యాగము మాత్రము కాదు.

ఈ కొలబద్దకు నిలిచినవారు లేకపోలేదు. ఈజిప్టు అధ్యక్షుడు అన్వర్ సాదత్ 1973 అక్టోబరు 6న ఇజ్రాయెల్‌పై యుద్ధము ఆరంభించినవాడే. నాలుగేండ్లకు, 1977 నవంబరులో, శత్రుదేశపు జెరూసలేమునకు స్వయముగా వెళ్లి వారి పార్లమెంటులో ప్రసంగించెను. 1978 సెప్టెంబరులో అమెరికాలోని క్యాంప్ డేవిడ్‌లో పదమూడు దినములు చర్చలు జరిగినవి. ఆ సంవత్సరమే ఆయనకును ఇజ్రాయెల్ ప్రధాని మెనాహెం బెగిన్‌కును పురస్కారము లభించినది. భద్రతాకారణములచే ఆ శాంతి సభను ఓస్లోలోని ప్రాచీన అకెర్షుస్ దుర్గమున జరుపవలసివచ్చెను! అరబ్బు దేశములు ఈజిప్టును తమ కూటమినుండి వెలివేసినవి. 1981 అక్టోబరు 6న, యుద్ధ వార్షికోత్సవ కవాతు చూచుచుండగా, తన సైన్యములోనివారే సాదత్‌ను కాల్చి చంపిరి. ఆయన ఇచ్చినది తన ప్రతిష్ఠ, తన ప్రాణము. 1979 మార్చి 26న కుదిరిన ఆ సంధి నేటికిని నిలిచియున్నది.

బెగిన్ విషయము ఇంత సులభము కాదు. పూర్వము ఆయన నాయకత్వముననున్న సాయుధదళము 1946లో జెరూసలేములోని కింగ్ డేవిడ్ హోటలును పేల్చగా 91 మంది మరణించిరి. 1982లో సైనాయి ప్రాంతమునుండి తన ప్రజల వలసలను తన సేనచేతనే ఖాళీ చేయించి మాట నిలుపుకొనెను. ఆ జూన్‌లోనే లెబనాన్‌పై దండెత్తెను. ఒకే సంవత్సరమున ఒక సరిహద్దున త్యాగము, మరొక సరిహద్దున విగ్రహము. పాలస్తీనీయుల భవితవ్యము ఆ ఒప్పందములో కాగితముపైననే నిలిచిపోయెను. మూడవవాని ప్రశ్న ఇక్కడను తప్పలేదని గమనింపవలెను. మరొక ఇజ్రాయెల్ ప్రధాని ఇట్జాక్ రాబిన్ 1994లో షిమోన్ పెరెస్, యాసర్ అరాఫత్‌లతో కలిసి పురస్కారమును పొంది, 1995 నవంబరు 4న స్వమతస్థుడైన ఒక యువకునిచేతనే హతుడయ్యెను. శత్రువుతో సంధి చేసినవానిని శత్రువు చంపకపోవుట, స్వజనుడు చంపుట, ఆలోచింపదగిన విషయము. మన గాంధీ మహాత్ముని విషయమున జరిగినదియు అదియే గదా.

దక్షిణాఫ్రికా అధ్యక్షుడు డి క్లెర్క్‌ను చాలమంది మరచిరి. 1993 పురస్కారమును ఆయన నెల్సన్ మండేలాతో పంచుకొనెను. ఇరువదియేడేండ్లు కారాగారముననున్న మండేలా ప్రక్కన నిలిచినప్పుడు ఎవరైనను చిన్నగానే కనబడుదురు. వర్ణవివక్షను పోషించిన పక్షమునకు చెందినవాడు మరింత చిన్నగా కనబడును. అయినను ఆయన విడిచినదేమో చూడుడు. 1992లో తెల్లజాతివారి అభిప్రాయసేకరణ జరిపి, మూడింట రెండువంతుల సమ్మతి తెచ్చుకొని, తన జాతి ఏకాధికారమును తానే తొలగించెను. ఆరు అణుబాంబులను తన ప్రభుత్వమే విప్పివేసినదని 1993 మార్చిలో పార్లమెంటునకు తెలిపెను. స్వయముగా చేసికొన్న అణ్వాయుధములను స్వయముగా నాశనము చేసిన దేశము మరొకటి లేదు. సేనలను, ఆయుధములను తగ్గించుటయని నోబెల్ వ్రాసిన నియమమునకు అక్షరశః సరిపోవు కృత్యమిది. 1994 ఎన్నికలలో ఆయన అధికారము పోయెను. పోవునని తెలిసియే ఎన్నిక జరిపెను.

త్యాగపరీక్షకు తోడు కాలపరీక్షయు కలదు. గత సంవత్సరమున మహోపకారము చేసినవారికి బహుమానమీయవలెనని వీలునామాలోనున్నది. శాస్త్రబహుమానములిచ్చు సంస్థలు ఈ నియమమును ఎప్పుడో సడలించినవి. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1930లో ఓడప్రయాణమున నక్షత్రముల అంత్యదశను గూర్చి లెక్కవేసెను. పురస్కారము 1983లో వచ్చెను. నక్షత్రమునకు ఏబదిమూడేండ్లు వేచినవారు, రాజుల వాగ్దానమునకు ఏబదిమూడు వారములు వేచియుండలేకున్నారు!

బరాక్ ఒబామా 2009 జనవరి 20న అధ్యక్షపదవిని స్వీకరించెను. ప్రతిపాదనల గడువు అప్పటికి పండ్రెండు దినములున్నది. అక్టోబరులో పురస్కారము ప్రకటించిరి. డిసెంబరు 1న ఆయన ఆఫ్ఘనిస్తానునకు మరి 30,000 సైనికులను పంపుచున్నట్లు ప్రకటించెను. 10న ఓస్లోలో పతకము స్వీకరించి ధర్మయుద్ధమును గూర్చి ప్రసంగించెను. ఆయన సజ్జనుడా కాదా యన్నది ఇచట ప్రశ్న కాదు. వేదసభలో పరీక్షాధికారులు స్వరము, వర్ణము, క్రమము విని తృప్తిచెందిన తరువాతనే సంభావన ఇత్తురు. ఘనాంతము చదువగలనని మాట ఇచ్చిన విద్యార్థికి ఘనపాఠి బిరుదమిచ్చిన సభను నేను చూడలేదు. ఆ సమితికి చిరకాలము కార్యదర్శిగానున్న గెయిర్ లుండెస్టాడ్, 2015లో ప్రచురించిన తన గ్రంథమున, ఈ పురస్కారము ఆశించిన ఫలమీయలేదని వ్రాసెను.

ఇంతకంటె దుఃఖకరమైనది ఇథియోపియా ప్రధాని అబీ అహ్మద్ విషయము. ఎరిట్రియాతో ఇరువదియేండ్ల వైరమును 2018లో ముగించినందులకు 2019లో పురస్కారము. 2020 నవంబరులో స్వదేశములోని టిగ్రే ప్రాంతమున యుద్ధము. ఆ యుద్ధమున ఎరిట్రియా సేనలు అబీ పక్షమున పోరాడినవి. ఏ మైత్రికి పతకమిచ్చిరో ఆ మైత్రియే మూడవవానిపై ఖడ్గమయ్యెను. 2022 జనవరిలో నోబెల్ సమితి అపూర్వముగా తన గ్రహీతనే మందలించుచు ప్రకటన చేసినది.

ఇదంతయు చదివి, రాజకీయులకు ఈ గౌరవమే వలదు, సాధువులకు, సేవకులకు ఇయ్యవలెనని కొందరు చెప్పుదురు. ఈ మాట నాకు సమ్మతము కాదు. మహాభారతమున శాంతిపర్వమని పేరుగలది ఏది? యుద్ధానంతరము భీష్ముడు యుధిష్ఠిరునకు రాజధర్మమును బోధించిన పర్వము. పన్నులు, దండము, మంత్రులు, గూఢచారులు అందులోనివే. ఆ పర్వారంభమున యుధిష్ఠిరుడు రాజ్యమును విడిచి అరణ్యమునకు పోదుననగా, వ్యాసాదులు, సోదరులు, ద్రౌపది ఒప్పుకొనలేదు. శాంతి వనములోనే యుండునని వారు తలపలేదు. యుద్ధమును ఆపు శక్తి ఎవనియందు కలదో వాడు ఆపినప్పుడు దానిని గుర్తింపకుండుటయు అన్యాయమే. త్రివిధ తాపములకై మనము మూడుమారులు శాంతిమంత్రమును చెప్పుచున్నాము. ఆధ్యాత్మికమును గురువు, ఆధిదైవికమును దేవత చూచుకొందురు. ఆధిభౌతిక తాపములో సగము రాజుల చేతిలోనిది.

గాంధీజీ విషయమున సమితి తడబడినదియు ఇచటనే. 1937లో ఆయన పేరు మొదట వచ్చినప్పుడు, సలహాదారు వోర్మ్-ముల్లర్ ఆయనను ఒకప్పుడు క్రీస్తువలెను, మరుక్షణమున సామాన్య రాజకీయవేత్తవలెను కనబడువానిగా వర్ణించి సందేహించెను. సాధువు పూర్తిగా సాధువుగాను, రాజకీయుడు పూర్తిగా రాజకీయుడుగాను ఉండవలెనని వారి ఊహ. 1938, 1939, 1947లలో మరల పేరు వచ్చెను, పోయెను. 1948 జనవరి 30న ఆయన హతుడైన దినములలోనే ఆ యేటి ప్రతిపాదనలును చేరినవి. మరణించినవానికి ఇయ్యవచ్చునా, ఇచ్చినచో ధనము ఎవరికి చెందును, ఆయనకు ఆస్తి లేదు, వీలునామా లేదు, సంస్థ లేదు అని తర్కించిరి. "న మమ" అని సర్వమును విడిచినవానికి బహుమానమిచ్చుటకు, ఆ సొమ్మును పుచ్చుకొను చేయి లేకపోవుటయే అడ్డమయ్యెను. నవంబరు 18న, జీవించియున్న యోగ్యుడెవరును లేనందున ఆ యేడు పురస్కారము లేదని నిర్ణయించిరి. 1961లో విమానప్రమాదమున మరణించిన ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి హామర్‌షెల్డ్‌కు మరణానంతరమే ఇచ్చిరి గనుక, మనసున్నచో మార్గముండునని తేలినది.

నోబెలు పురస్కారము లేని కాలపు రాజు నొకనిని కూడ ఈ తులలో తూచి చూతము. కర్నూలు జిల్లాలో గుత్తినుండి పత్తికొండకు పోవు మార్గమున ఎర్రగుడి యను గ్రామము కలదు. అచటి గుండ్లపై అశోకుని శాసనములున్నవి. పట్టాభిషేకమైన ఎనిమిదవయేట కళింగమును జయించిన వృత్తాంతమును అశోకుడు తన పదమూడవ శిలాశాసనమున తానే చెప్పుకొనెను. 1,50,000 మందిని చెరపట్టి తరలించిరి, 1,00,000 మంది హతులైరి, అంతకు ఎన్నోరెట్లు మంది మరణించిరి అని లెక్క చెప్పి, పశ్చాత్తాపమును ప్రకటించెను. ఇకపై ధర్మవిజయమే విజయమని తన పుత్రపౌత్రులకు హితవు చెప్పెను. గెలిచిన రాజు తన గెలుపును ఇట్లు శోకించి రాతిపై చెక్కించుట లోకచరిత్రలో అరుదు. ఏ సమితి విన్నను ఆ మాటకు ఆ సంవత్సరమే పతకమిచ్చియుండును.

కాని అదే శాసనమున, అటవీవాసులను ఉద్దేశించి, పశ్చాత్తాపము కలిగినను దండించు శక్తి తనకు కలదని హెచ్చరించెను. ఇంకొక విశేషము. ఈ పదమూడవ శాసనము కళింగదేశములో లేదు. అచటి ధౌలి, జౌగడ శిలలపై పదునొకటి మొదలు పదమూడు వరకుగల శాసనములను విడిచి, వాటికి బదులు ప్రజలెల్లరు తన బిడ్డలను మాటతో అధికారులకు ఆజ్ఞలు చెక్కించెను. ఎవరిని చంపినందులకు శోకించెనో వారి నేలపై ఆ శోకము లిఖింపబడలేదు. కళింగమును ఆయన తిరిగి ఇయ్యలేదు. చెరపట్టి తరలించిన లక్షా యాబదివేల మంది తమ ఊళ్లకు తిరిగి చేరిరని ఏ శిలపైనను లేదు.